ఆరడుగుల ఫిల్ము

1984 నుంచి 1987 వరకు, ఇంటర్మీడియట్‌లోనూ ఆ తరువాత డిగ్రీ మొదటి ఏడాదిలోనూ ఉన్న రోజుల్లో, నేను విశాఖపట్నంలో రెండు సినిమా హాళ్ల మధ్య సైకిలు మీద రీలు డబ్బాలు మోసేవాణ్ణి. స్క్రీన్‌ప్లే ఎక్కడ నేర్చుకున్నారని ఎవరైనా అడిగితే, హైదరాబాదులో నాకు పని నేర్పిన పెద్దవారి గురించి చెప్పడం ధర్మం, చెబుతాను కూడా. అయితే ఆ విద్యకు అక్షరాభ్యాసం జరిగింది మాత్రం పూర్ణా మార్కెట్ నుంచి అల్లిపురం వైపు వెళ్లే ఇరుకు సందుల్లో, వెనక క్యారేజీకి పాత సైకిలు ట్యూబుతో బిగించి కట్టిన ఇనప డబ్బాతో.

ఆ రోజుల్లో సినిమా ప్రింటు తీయించడం ఖర్చుతో కూడిన పని. రెండో విడత ఆడే సినిమాలకు ఊళ్లో ఒకే ప్రింటు దొరికితే, దాన్ని రెండు హాళ్లు పంచుకునేవి. ఒక హాల్లో ఆట పదకొండు గంటలకు మొదలైతే రెండో హాల్లో గంట తరువాత మొదలయ్యేది. 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగుల చొప్పున నడుస్తుంది కాబట్టి 1000 అడుగుల రీలు 11 నిమిషాలు ఆడుతుంది. ఆపరేటర్లు రెండేసి రీళ్లను కలిపి ఒకే చుట్టగా చుట్టుకునేవారు, అంటే 22 నిమిషాలు. మొదటి హాల్లో చుట్ట అయిపోగానే దాన్ని వెనక్కి తిప్పి డబ్బాలో పెట్టి నా చేతికిచ్చేవారు. రెండు చుట్టలున్న డబ్బా పది కిలోలు దాటేది. దాన్ని రెండో హాలుకు చేర్చి, అక్కడ ఖాళీ అయిన డబ్బా తీసుకుని మళ్లీ వెనక్కి రావాలి. దారిలో టైరు పంక్చరైనా, మార్కెట్ దగ్గర ఎడ్లబండి అడ్డంపడినా అక్కడ తెర తెల్లబడుతుంది. మూడేళ్లలో అలా రెండుసార్లు జరిగింది, ఆ రెండు రోజుల తేదీలూ నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

మొదటి హాలు ఆపరేటరును అందరూ బాబాయి అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆయన క్యాబినులో రెండు ప్రొజెక్టర్లు పక్కపక్కన ఉండేవి. ఒక దానిలో చుట్ట అయిపోతుండగా తెర మీద కుడివైపు పై మూలన చిన్న చుక్క ఒకటి మెరుస్తుంది. అది కనబడగానే ఆయన రెండో యంత్రం మోటారు వేసేవారు. ఏడు సెకన్ల తరువాత రెండో చుక్క మెరిసినప్పుడు వెలుగును ఒక యంత్రం నుంచి రెండో యంత్రానికి మార్చేవారు. హాల్లో కూర్చున్న వెయ్యి మందిలో ఒక్కరికీ ఆ సంగతి తెలియకూడదు, అదే ఆయన పనితనం. కార్బను కడ్డీలు మండే తెల్లటి వెలుగు, వాటి పొగను బయటికి పంపే గొట్టం, ఆ వేడిలో చొక్కా విప్పి నిలబడిన మనిషి, గోడకున్న చిన్న గాజు కిటికీలోంచి కనబడే తెర. నా మొదటి బడి అదే.

డబ్బా కోసం ఎదురుచూసే ఐదారు నిమిషాలు ఆ కిటికీ దగ్గర నిలబడి సినిమా చూసేవాణ్ణి. రెండో హాల్లో డబ్బా అప్పగించాక మరో ఐదు నిమిషాలు అక్కడ చూసేవాణ్ణి. రోజూ అవే వేళలు కాబట్టి వారం పొడుగునా అవే ముక్కలు కనబడేవి. ఒక తగాదా ముగియడం చూసేవాణ్ణి గాని ఎందుకు మొదలైందో తెలిసేది కాదు. ఒక ఆడమనిషి పెట్టె సర్దుకుని బయలుదేరడం చూసేవాణ్ణి, తరువాతి ముక్కలో ఆమె అదే ఇంట్లో దీపం వెలిగిస్తూ ఉండేది. మధ్యలో ఏం జరిగిందో అల్లుకుంటూ సైకిలు తొక్కేవాణ్ణి. సినిమాలు మారేది శుక్రవారం గనుక గురువారం నాడు బాబాయి ఇంకో కుర్రాణ్ణి పురమాయించి, నన్ను మొదటినుంచి చివరిదాకా చూడనిచ్చేవారు. ఆట మొదలయ్యే ముందు మాత్రం ఒక పరీక్ష పెట్టేవారు.

"ఇప్పుడు సెప్పు బాబూ, మజ్జిలో ఏటయ్యుంటాదనుకుంతన్నావు?"

నేను వారమంతా అల్లుకున్నది చెప్పేవాణ్ణి. ఆయన ఔననీ కాదనీ అనకుండా వినేవారు. తరువాత అసలు సినిమా చూసేవాణ్ణి. నా ఊహ నిజమైన సందర్భాలు చాలా తక్కువ. ఎందుకు తప్పానో పట్టుకోవడానికి ఏడాది పైనే పట్టింది. ఆ ఖాళీలో నేను ఒక అపార్థాన్నీ ఒక ప్రమాదాన్నీ ఒక రహస్యాన్నీ కుక్కేవాణ్ణి, రాసినాయన అక్కడ ఒక ఉత్తరాన్ని మాత్రమే పెట్టి ఉండేవాడు. లేదా ఏమీ పెట్టి ఉండేవాడు కాదు, ఆమె గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి చూసి ఆగిపోయేది, అంతే. ఆ తేడా నాకు అందిన రోజున, రీలు డబ్బాలు మోయడం మానేసి నేనే రాయాలన్న కోరిక పుట్టింది. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్లు.

నాన్నగారు పోర్టులో గుమాస్తా. బ్యాంకు పరీక్షలు రాయమనేవారు, రాశాను, రాలేదు. ఆయన మాట కాదనలేక తెలుగు టైపు నేర్చుకుని లోయరు, హయ్యరు పాసయ్యాను. అది నా జీవితంలో ఎంత పనికొస్తుందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. సాయంకాలాలు గ్రంథాలయంలో గడిపేవాణ్ణి. అక్కడే రావిశాస్త్రి గారి కథలు చదివాను. ఈ ఊళ్లోనే వకీలుగా ఉంటూ, కోర్టు మెట్ల మీదా సారా దుకాణాల దగ్గరా వినబడే మాటను ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టిన మనిషి ఆయన. మా వీధిలో మాట్లాడే భాషను అచ్చులో చూసినప్పుడు ఒళ్లు జలదరించింది. సినిమాల్లో మాత్రం అప్పట్లో ఆ మాట ఎక్కువగా నౌకరు పాత్రకో నవ్వించే పాత్రకో దక్కేది. నాకది బాధగా ఉండేది, ఇప్పటికీ బాధే.

1990 జూన్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదు వెళ్లాను. అమ్మ ఆవకాయ జాడీకి వాసెన కట్టి ఇచ్చింది. కృష్ణానగర్‌లో ఐదుగురం కలిసి ఒక గదిలో ఉండేవాళ్లం. ఇద్దరు నటులు కావాలని వచ్చినవారు, ఒకరు కెమెరా సహాయకుడు, ఒకరు పాటలు రాసేవారు. పగలు టీ దుకాణాల దగ్గర నిలబడటం, ఏ ఆఫీసులో కొత్త కథ వింటున్నారో కనుక్కోవడం, నడిచి వెళ్లి అక్కడ కూర్చోవడం. ఆ నాలుగేళ్ల గురించి ఎక్కువ రాయను. అలాంటి గదుల గురించి చాలామంది రాశారు, నా గది వాటికి భిన్నమైనది కాదు. నలభై చోట్ల కథ వినిపించాను. కథ వినిపించడం అంటే రాయడం కంటే వేరే విద్య. ముప్పావు గంటలో ఎదుటివారి కళ్లలోకి చూస్తూ, పాత్రలన్నీ తానే అయి, మధ్యలో వచ్చే ఫోన్లకు ఆగి, ఆగినచోటు నుంచి మళ్లీ అదే ఊపుతో అందుకోవాలి. "లైను బాగుంది, కబురు చేస్తాం" అన్న మాటను నలభైసార్లూ నమ్మాను. నమ్మకపోతే నలభై ఒకటో గుమ్మం ఎక్కే ఓపిక ఉండేది కాదు.

ఒకచోట మాత్రం నా స్క్రిప్టు ఉంచుకున్నారు. పద్నాలుగు నెలల తరువాత నా కథలోని మూడు సీన్లు, వరసకూడా మార్చకుండా, ఒక సినిమాలో చూశాను. గదిలో నా స్నేహితుడు ఒక లాయరు దగ్గరికి తీసుకువెళ్లాడు. కథావస్తువుకు కాపీరైటు ఉండదనీ, దాన్ని చెప్పిన తీరుకే ఉంటుందనీ సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చిందని ఆయన ఓపికగా వివరించారు. నేను రాసినదే ముందు రాసినదని చూపించడానికి నా దగ్గర కాగితమేదైనా ఉందా అని అడిగారు. లేదు. స్క్రిప్టును రచయితల సంఘంలో నమోదు చేయించవచ్చని అప్పటికి నాకు తెలియదు. ఆ రోజు నుంచి నేను రాసిన ప్రతిదీ నమోదు చేయించిన తరువాతే మరొకరికి వినిపించాను. కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పే మొదటి మాట ఇప్పటికీ అదే.

1994లో నాన్నగారికి పక్షవాతం వచ్చింది, ఇంటికి వచ్చేశాను. ద్వారకా నగర్‌లో ఒక జాబ్ టైపింగు, జిరాక్సు దుకాణంలో చేరాను. సినిమా అయిపోయిందనే అనుకున్నాను గాని రాయడం ఆగలేదు. ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రానికి అరగంట నాటికలు పంపాను. ఏడు పంపితే రెండు తీసుకున్నారు. రేడియోలో కంటికి ఆసరా ఉండదు, గుమ్మం దాటాడో లేదో కూడా మాటలోనే తెలియాలి, అలాగని "ఇదిగో గుమ్మం దాటుతున్నాను" అని ఎవరూ అనరు. ఆ రెండు నాటికలు నాకు సంభాషణ విషయంలో నేర్పినంత, కృష్ణానగర్ నాలుగేళ్లూ నేర్పలేదని నిజాయితీగా చెప్పగలను.

1995 అక్టోబరులో ఒక రాత్రి ఎనిమిదిన్నరకు వాన పడి కరెంటు పోయింది. వీధిలో జిరాక్సు దుకాణాలన్నీ ఒక్కొక్కటే షట్టర్లు దించేశాయి. మా యజమాని తాళాలు నాకిచ్చి వెళ్లిపోయారు. మర్నాడు ఇవ్వవలసిన ఒక దస్తావేజు ఉంటే లాంతరు వెలిగించుకుని టైపు కొట్టుకుంటున్నాను. నా యంత్రం చేత్తో కొట్టేది గనుక దానికి కరెంటుతో పని లేదు. అప్పుడు ఒక జీపు వచ్చి ఆగింది. తడిసిన చొక్కాతో ఒక కుర్రాడు లోపలికి వచ్చాడు, నాకంటే రెండు మూడేళ్లు చిన్నవాడై ఉంటాడు.

"అన్నా, తెలుగు టైపు చేస్తారా? తెల్లారి ఆరింటికి భీమిలిలో షూటింగ్. ఈ సీను ఐదు కాపీలు కావాలి."

1978లో వచ్చిన 'మరో చరిత్ర' చిత్రీకరణ విశాఖలోనూ భీమిలిలోనూ జరిగినప్పటి నుంచి మా ఊరివాళ్లకు షూటింగులు కొత్త కాదు. కాని షూటింగే నా దుకాణానికి నడిచి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. అతను సహాయ దర్శకుడు. రచయిత హైదరాబాదులో ఉన్నారు, సీన్లు ఫ్యాక్సులో పంపుతున్నారు. అప్పటి ఫ్యాక్సు కాగితానికి వేడి తగిలితే నల్లబడిపోయే గుణం ఉండేది, దాని మీద అక్షరాలు పడేది కూడా వేడి వల్లనే. మధ్యాహ్నమంతా ఎండలో జీపు ముందుభాగంలో పెట్టిన కాగితం సగానికి పైగా బూడిద రంగుకు తిరిగి, కొన్నిచోట్ల బొగ్గులా అయిపోయింది. కరెంటు ఉండి జిరాక్సు తీసినా మొత్తం నల్లగానే వచ్చేది.

దాన్ని ఏటవాలుగా పట్టుకుంటే నలుపులో మరింత నల్లటి గీతలు లీలగా కనబడుతున్నాయి. ఒక్కొక్క మాటే పోల్చుకుంటూ టైపు కొట్టసాగాను. సముద్రంలో కొడుకును పోగొట్టుకున్న ఒక ముసలి జాలరి, అతని దగ్గరికి వచ్చిన పట్నం కుర్రాడు. ముసలాయన తెప్ప ఎక్కడం మానేశాడు గాని రోజూ తెల్లవారుజామున ఒడ్డుకు వచ్చి కూర్చుంటాడు. కుర్రాడు అడుగుతాడు: "సముద్రం మీద నీకు కోపం లేదా తాతా?" దానికి జవాబు ఉన్న చివరి నాలుగు పంక్తులు మరీ మసకగా ఉన్నాయి. ఇంకాస్త వెలుతురు కోసం కాగితాన్ని లాంతరు చిమ్నీ దగ్గరికి తీసుకువెళ్లాను. చూస్తుండగానే ఆ నాలుగు పంక్తులు నల్లటి మరకలో కలిసిపోయాయి. అది ఎండ చేసిన పని కాదు, నా చేతులతో నేను చేసిన పని.

వెంటనే అతనికి చెప్పాను. అతను కోప్పడలేదు, బెంచీ మీద కూలబడ్డాడు. ఎదురు వీధిలో ఎస్టీడీ బూత్ మూసివుంటే యజమానిని లేపి హైదరాబాదుకు ఫోన్ చేశాడు. రచయిత ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఫోను ఛార్జీ పావు వంతుకు తగ్గే రాత్రి వేళ దాకా కాచుకుని మళ్లీ చేశాడు, అప్పుడూ ఎత్తలేదు. దర్శకుడితో ఏమని చెప్పాలో తెలియక తల పట్టుకున్నాడు. అప్పుడు నేను, ఆ జవాబు మాత్రం నన్ను రాయనివ్వమనీ, అది నాదని తెలిసేలా బ్రాకెట్లలో పెడతాననీ అడిగాను. అతనికి వేరే దారి లేదు.

ముందూ వెనకా తెలుసు, మధ్యలో ఖాళీ. సైకిలు మీద మూడేళ్లు చేసిన పని అదే. మొదట నేను రాసింది ఎనిమిది పంక్తులు. కొడుకు పేరు, వాడి పెళ్లి, తుఫాను రాత్రి, అన్నీ పెట్టాను. గురువారం పరీక్షలు గుర్తొచ్చి ఆ కాగితం చింపేశాను. ఎంతసేపు ఊరుకున్నానో తెలియదు. అప్పుడు నాకు తట్టిన గొంతు మా వీధికి చేపలు తెచ్చే ముసలమ్మది. పెదజాలారిపేట నుంచి గంప నెత్తిన పెట్టుకుని వచ్చేది. అరువు పెట్టినవారి ఇళ్ల ముందు, చేపలు లేని రోజున కూడా, ఒట్టి చేతులతో వచ్చి కాసేపు కూర్చుని వెళ్లేది. ఎందుకలా తిరుగుతావని అమ్మ ఒకసారి అడిగితే, "గుమ్మం కాడ కనబడతా ఉంటేనే బాకీ గుర్తుంటాది అమ్మగోరూ" అంది. నేనప్పుడు మెట్ల మీద కూర్చుని చదువుకుంటున్నాను. ఆ మాట నాలో పదేళ్లు ఉండిపోయిందని నాకు ఆ రాత్రి తెలిసింది.

బ్రాకెట్లలో నేను టైపు కొట్టింది ఇది:

"కోపమేటి బాబూ? అది నాకు బాకీ పడిపోనాది. బాకీ పడినోడి గుమ్మం కాడికి రోజూ ఎల్లాల గదా."

మిగతా సీనులో ముసలాయన మాటలు కోస్తా మధ్యజిల్లాల యాసలో ఉన్నాయి. వాటిని ముట్టుకోలేదు, అది నా హక్కు కాదు. కార్బను కాగితాలు పెట్టి ఐదు కాపీలూ కొట్టేసరికి ఒంటిగంట దాటింది. డబ్బులు తీసుకోవడానికి మనసొప్పలేదు, నాలుగు పంక్తులు చెడగొట్టినవాణ్ణి గదా. అతను బలవంతంగా బల్ల మీద పెట్టి వెళ్లాడు.

మర్నాడు మధ్యాహ్నం అదే జీపు మళ్లీ వచ్చింది. దర్శకుడు రమ్మంటున్నారని ఆ సహాయ దర్శకుడు చెప్పాడు. తిట్లు తినడానికే పిలిచారనుకున్నాను, యజమాని దగ్గర సెలవు తీసుకుంటున్నప్పుడు కాళ్లు వణికాయి. భీమిలి దాకా సముద్రం పక్కన సాగే ఆ దారిలో ఋషికొండ, తిమ్మాపురం ఎప్పుడు దాటాయో నాకు తెలియలేదు. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట, డచ్చివారి కాలం నాటి సమాధులకు కొంత దూరంలో, ఇసుక మీద ట్రాలీ పట్టాలు పరిచి ఉన్నాయి. దర్శకుడు గొడుగు కింద కూర్చుని ఉన్నారు. ఆయన చేతిలో నేను కొట్టిన కాగితం ఉంది.

"బ్రాకెట్లలో ఉన్నది ఎవరు రాశారు?"

నేనే రాశానని చెప్పి, లాంతరు సంగతీ చెప్పాను. ముసలి జాలరి వేషం వేస్తున్న నాటకాల నటుడు ఒకాయన పక్కనే ఉన్నారు. ఆయన మా జిల్లావారే. "ఈ ఒక్క మాట అనేటప్పుడే నాకు నోరు తిరిగింది సార్, మిగతావన్నీ అప్పు తెచ్చుకున్నట్టున్నాయి" అన్నారు. నాకోసం అన్నమాట కాదది, తన పాత్ర కోసం అన్నాడు. కాని ఆ ఒక్క వాక్యం నా జీవితాన్ని మలుపు తిప్పింది. జాలరి కుటుంబం ఉన్న సీన్లన్నీ మా ఊరి మాటలోకి మార్చమని దర్శకుడు అన్నారు. హైదరాబాదులో ఉన్న రచయిత ఒప్పుకుంటేనే చేస్తానని అన్నాను. నలభై గుమ్మాలు తిరిగినవాణ్ణి, నా సీన్లు వేరొకరి సినిమాలో చూసినవాణ్ణి, ఇంకొకరికి అదే పని చేయలేను.

ఆ సాయంత్రం రచయితగారితో ఫోన్ కలిసింది. ఆయన అప్పటికే పేరున్నవారు. నన్ను ఫోన్లో ఆ వాక్యం చదవమన్నారు, చదివాను. మళ్లీ చదవమన్నారు. కాసేపు మౌనం. తరువాత, "నేను అక్కడ ఆరు వాక్యాలు రాశాను నాయనా. నీది ఉంచమని డైరెక్టరుగారితో చెప్పు, మిగతావీ నువ్వే చూడు, నేను నాలుగు రోజుల్లో వస్తాను" అన్నారు. ఆయన కోపగించుకోవడానికి అన్ని కారణాలూ ఉన్నాయి. ఒక్క ముక్క అడ్డం చెప్పినా నేను మళ్లీ టైపు యంత్రం ముందుకు వెళ్లిపోయేవాణ్ణి.

పదకొండు రోజులు పనిచేశాను. ఆయన వచ్చాక నన్ను వెంటబెట్టుకుని తెల్లవారుజామున జాలారిపేటకు వెళ్లి, ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసేవారి మాటలు వినేవారు. వేట అనే మాటను వాళ్లు ఏట అంటారనీ, మరపడవ నడిపేవాణ్ణి సరంగు అంటారనీ నేను చెబితే చిన్న పుస్తకంలో రాసుకునేవారు. వయసులో నాకంటే పాతికేళ్లు పెద్ద. ఆఖరి రోజున పదిహేను వందల రూపాయలున్న కవరు నా చేతిలో పెట్టి, టైటిల్స్‌లో పేరు వేయించలేననీ, హైదరాబాదు వస్తే తన దగ్గర సహాయకుడిగా పెట్టుకుంటాననీ అన్నారు. నాన్నగారికి అప్పటికి నడక వచ్చింది, మాట ఇంకా పూర్తిగా రాలేదు. విషయం చెబితే నా టైపు సర్టిఫికెట్టు ఉన్న బీరువా వైపు చెయ్యి చూపించి నవ్వారు.

మూడేళ్లు ఆయన దగ్గర ఉన్నాను. కాగితాన్ని నిలువుగా మడిచి ఎడమవైపు జరిగేదీ కుడివైపు మాటలూ రాయడం, నటుడు ఒక్క ఊపిరిలో అనలేని వాక్యాన్ని రెండుగా విరవడం, కథ మీద చర్చించుకునే సిట్టింగుల్లో పదిమంది పది మాటలు అన్నప్పుడు అందులో పనికొచ్చే ఒక్కదాన్ని పట్టుకోవడం అక్కడే నేర్చుకున్నాను. సీనును ఎంత ఆలస్యంగా మొదలుపెడితే అంత మంచిదని ఆయన అనేవారు. ఖర్చుల కోసం డబ్బింగు సినిమాలకు మాటలు రాశాను. తెర మీద మనిషి పెదవులు కలిసినచోట మనకూ ప, బ, మ లాంటి అక్షరమే పడాలి, అర్థం చెడకూడదు, కొలత మారకూడదు. ఒక్క వాక్యం కోసం అరపూట కూర్చున్న రోజులున్నాయి. నా ఇష్టంతో చేసిన పని కాకపోయినా, మాట పొడవును చెవితో కొలవడం ఆ పనే అలవాటు చేసింది.

1999లో "మాటలు" అన్న మూడక్షరాల తెలుగు మాట, దాని కింద నా పేరుతో తెర మీదికి వచ్చింది. సినిమా గొప్పగా ఆడలేదు. విశాఖలో పెద్ద హాల్లో మూడు వారాలు ఆడి తీసేశారు. ఆ తరువాత కొన్నాళ్లకు రెండో విడతలో నేను డబ్బాలు మోసిన హాలుకు వచ్చిందని అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ రాత్రే బయలుదేరి తెల్లవారేసరికి విశాఖలో దిగాను.

బాబాయి ఇంకా అక్కడే ఉన్నారు. జుట్టు పూర్తిగా నెరిసింది, ఎడమ కంటికి శుక్లం వచ్చిందని చెప్పారు. హాల్లో కూర్చోనన్నాను, క్యాబినులో పాత కిటికీ దగ్గరే నిలబడ్డాను. ఆయన కార్బను కడ్డీలు సరిచేసుకుని మోటారు వేశారు. పేర్లు మొదలయ్యాయి. నా పేరు వచ్చే ముందు ఫోకసు మర మీద చెయ్యి వేసి, ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పి, అక్షరాలు కత్తితో కోసినట్టు తేలేదాకా ఊరుకోలేదు. నాలుగు సెకన్లు. నిమిషానికి 90 అడుగుల లెక్కన ఆరడుగుల ఫిల్ము. కింద హాల్లో జనం ఇంకా సీట్లు వెతుక్కుంటున్నారు, ఎవరూ చదివి ఉండరు. బాబాయి మాత్రం చదివారు, పైకే, కూడబలుక్కుంటూ చదివారు.

ఇంటర్వెల్లో ఆయన అడిగిందల్లా, "ఆ ముసిలోడి కొడుకు సంగతి మజ్జిలో తీసేసినావు గదా, కావాలనే తీసేసినావా?" అని. ఈ సినిమాలోనూ నేను ఒక ముసలి తండ్రిని రాశాను, అతని కొడుకు ఏమయ్యాడో చెప్పలేదు. కావాలనే తీసేశానన్నాను. ఆయన తల ఊపి తరువాతి చుట్ట ఎక్కించుకోవడానికి వెళ్లిపోయారు.

మూడు వారాల తరువాత హైదరాబాదులో నా గదికి ఒక కవరు వచ్చింది. లోపల ఒక అడుగు పొడవున ఫిల్ము ముక్క, లెక్కపెడితే 16 ఫ్రేములు, పదహారింటిలోనూ నా పేరు. దానికి చుట్టిన టికెట్టు పుస్తకం వెనక కాగితం మీద బాబాయి రాయించిన ఉత్తరం ఉంది. చేతిరాత టికెట్లిచ్చే కుర్రాడిదై ఉంటుంది, మాట మాత్రం ఆయనదే. ముప్పై ఏళ్ల నౌకరీలో బాగున్న ప్రింటు మీద తాను ఎన్నడూ కత్తెర పెట్టలేదనీ, ఇదే మొదలు, ఇదే ఆఖరనీ, తెగిపోయిందని రిపోర్టులో రాశాననీ, ఆ తప్పు తనదేననీ ముందు చెప్పుకున్నారు. కింద ఇంకో వాక్యం ఉంది.

"నీ పేరు ఆరడుగులుండీది బాబూ, అందులో అడుగు నీకు అంపినాను, ఐదడుగులు జనానికి ఉంచినాను, సాలుతాది."